అక్క చీమల డబ్బా

మా అక్క మోకాలి ఆపరేషన్‌ను పంట మీద పంట సాకు చెప్పి వాయిదా వేస్తూ వచ్చింది. పత్తి ఏరడం కానీయమంది. పత్తి అయ్యాక మిరప కోత అంది. మిరపకాయ కల్లంలో ఎండుతుంటే వదిలి ఎట్లా వస్తానంది. చివరికి ఒకరోజు మొగుళ్లపల్లిలో బస్సు ఎక్కబోయి, మెట్టు మీద కాలు పెట్టలేక నిలబడిపోయిందట. కండక్టర్ చెయ్యి పట్టి పైకి లాగాడట. బస్సులో అందరూ తెలిసినవాళ్లే. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"చెల్లె, ఇగ నాతోని కాదే. కోపిచ్చుకుంట. ఏ దవాఖానకు రావాల్నో చెప్పు."

మేం పుట్టింది జఫర్‌గఢ్ దగ్గర ఒక ఊళ్లో. ఇప్పుడది జనగామ జిల్లా. అక్కను మొగుళ్లపల్లి మండలంలో వ్యవసాయం చేసే ఇంటికి ఇచ్చారు. నేను చదువుకుని, ఇంటర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చి, మహబూబాబాద్‌లో స్థిరపడ్డాను. మా ఇద్దరికీ వయసులో చాలా తేడా ఉంది. నన్ను చంకనేసుకుని తిరగడం వల్లనే తన నడుము ఒక పక్కకు వంగిందని నవ్వుతూ అనేది.

అక్క నెమ్మదైన మనిషి కాదు. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది. నలభై దాటాక మోపెడ్ నేర్చుకుని యూరియా బస్తాలు తనే తెచ్చుకునేది. ఊళ్లో సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చిన ఏడాది నిలబడి గెలిచింది. పేరు ఆమెది, పెత్తనం బావది అనుకున్నారు అందరూ. మొదటి మీటింగులో బావ ఆమె పక్క కుర్చీలో కూర్చోబోతే, "నీకేం పని ఈడ? ఇంటికి పో, బర్రెకు నీళ్లు పెట్టలె," అందట. ఈ సంగతి బావే అందరికీ చెప్పి నవ్వేవాడు. అట్లాంటి మనిషి, ఆపరేషన్ అయిన మర్నాడు ఇద్దరు పట్టుకుని మంచం పక్కన నిలబెడితే, చిన్నపిల్లలా ఏడ్చింది. నేను ఆమె ఏడుపు చూడడం అదే మొదలు. మా అమ్మ పోయినప్పుడు కూడా పనులు చేస్తూనే ఉంది తప్ప ఏడవలేదు.

ఆపరేషన్ మహబూబాబాద్‌లోనే చేయించాం. మా ఇంటికి నాలుగు సందుల అవతల ఒక ప్రైవేటు దవాఖాన. డాక్టరు పని బాగానే చేశాడు. కానీ నొప్పికి ఇచ్చే గట్టి గోళీలు అక్కకు పడలేదు. వేసుకుంటే కళ్లు తిరగడం, తిన్నది తిన్నట్టు కక్కడం. వేసుకోకపోతే మోకాలు వంచనివ్వదు. వంచకపోతే కొత్త మోకాలు అట్లాగే బిగుసుకుపోతుందని డాక్టరు భయపెట్టాడు. అప్పుడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక చిన్న డబ్బా తెచ్చింది.

అది అరచేతిలో ఇమిడేంత ఉంది. దాని నుంచి సన్నని తీగలు, తీగల చివర జిగురు పూసిన మెత్తని పట్టీలు. కరెంటుతో నరాలను తాకి నొప్పిని తగ్గిస్తుందని ఆ అమ్మాయి చెప్పగానే అక్క కాలు దగ్గరకు తీసుకోబోయి, తీసుకోలేక, "అమ్మో" అని అరిచింది.

"కరెంటు పెడ్తవా బిడ్డా నాకు? మా తాన బాయిమోటరు స్టార్టర్ డబ్బా ముట్టి సచ్చినోళ్లు ఉన్నరు, తెలుసా?"

"గది వేరు పెద్దమ్మా. ఇది చిన్న బ్యాటరీతోని నడుస్తది. జివ్వుజివ్వుమంటది, అంతే."

"జివ్వుమంటె నొప్పెట్ల పోతది?"

"తలుపుకు మోచెయ్యి కొట్టుకున్నవనుకో. ఏం చేస్తవ్?"

"రుద్దుకుంట."

"రుద్దుకుంటె జర నయమనిపిస్తది గదా? ఇది గూడ గంతే. నొప్పి మొత్తం పోదు. గా రుద్దుడే ముందుగాల నెత్తికెక్కుతది, నొప్పి ఎనుకబడ్తది. గా ఎనుకబడ్డ టైంల మనం మోకాలు వంచుకోవాలె."

అక్క ఒప్పుకోలేదు. అప్పుడా అమ్మాయి పట్టీలను తన ముంజేతికే అంటించుకుని, డబ్బా మీది చిన్న చక్రం తిప్పి, నవ్వుతూ చెయ్యి చూపించింది. సర్పంచ్‌గిరీ చేసిన మనిషికి పౌరుషం వచ్చింది. "సరె, పెట్టు," అని కాలు చాపింది. పట్టీలను కుట్ల మీద కాకుండా, కట్టుకు అటూ ఇటూ, పైనా కిందా, మంచి చర్మం మీద అంటించింది ఆ అమ్మాయి. చక్రం మెల్లగా తిప్పుతుంటే అక్క ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను. మొదట కనుబొమ్మలు ముడిపడ్డాయి. తర్వాత విడిపోయాయి.

"చీమలే," అంది. "చీమలు పాకుతున్నయి. ఎర్రచీమలు గాదు, కుట్టనియి, నల్లచీమలు."

అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు చీమల డబ్బా.

దవాఖాన నుంచి అక్కను మా ఇంటికే తెచ్చాను. వేసవి సెలవులు కాబట్టి కాలేజీ లేదు. మా ఆయన పొద్దున్నే ఎరువుల దుకాణానికి వెళ్లిపోయేవాడు. అక్కా నేనూ మిగిలేవాళ్లం. చర్మం తుడిచి ఆరనివ్వడం, పట్టీలు అంటించడం, చక్రం కొద్దికొద్దిగా పెంచడం, తీసేముందు తప్పకుండా ఆపడం నేర్చుకున్నాను. పట్టీల జిగురు తగ్గితే వేలితో ఒక్క నీటిబొట్టు అద్దాలి. అక్కకు ఎప్పుడూ చాలేది కాదు. "ఇంక జర పెంచే, నీ అయ్య సొమ్మా?" అనేది. గట్టిగా తెలియాలి గానీ బాధ పెట్టకూడదని, అంతకంటే పెంచనని నేను. కాసేపటికి ఆమె భుజాలు దిగేవి. అదే అదనుగా మడమను పరుపు మీద ఈడుస్తూ కాలు వంచేది. వంచుతూ మోకాలిని తిట్టేది. "వంగవే దొంగముండ. ఇన్నేండ్లు నన్ను సతాయిస్తివి. వంగు. నీ పొగరు అణుగుతది ఇయ్యాల."

ఒక్క మాట నిజం చెప్పాలి. నా బతుకులో అక్కతో అంత తీరికగా కూర్చున్నది ఆ రోజుల్లోనే. పెండ్లికి ముందు ఆమెకు పని, పెండ్లయ్యాక ఇంకా పని. వాళ్లింటికి నేను వెళితే వంటగదిలో ఆమె వీపుతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఆమె ఎటూ వెళ్లలేదు. దిండు మీద కాలు, కాలి మీద చీమలు. నేను పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేదాన్ని. పెండ్లయిన కొత్తలో తల్లిగారిల్లు యాదికొచ్చి పత్తి చేను నడిమిట్ల కూర్చుని ఏడ్చేదాన్నని అప్పుడు చెప్పింది.

"నువ్వు ఏడుస్తవా?" అన్నాను.

"మందికి కనవడకుంట ఏడుస్త. చేను పెద్దది గదా."

వాకర్‌తో మొదలుపెట్టి, తర్వాత చేతికర్రతో మా సందు చివరి దాకా నడిచింది. ఆదివారాలు బావ వచ్చేవాడు. నెయ్యి, పచ్చి మిరపకాయలు, కొర్రపిండి, ఏదో ఒకటి తెచ్చేవాడు. అక్క ఆయన ముందు కుర్చీలో కూర్చుని కాలు వంచి, చాపి చూపించేది. బావ చూపు ఆ కాలి మీదనే ఉండేది. "మంచిగైంది," అనేవాడు. అంతకుమించి మాటలు రావు ఆయనకు.

కుట్లు మానాయి. డబ్బా అవసరం రోజురోజుకూ తగ్గింది. ఇక తీసి దాచవచ్చు అనుకుంటుండగా ఒక ఉదయం అక్క బోర్లా తిరిగి, రవిక వెనక భాగాన్ని వేలితో చూపించింది.

"చెల్లె, ఇయ్యాల గా చీమలను జర వీపుకు పెట్టు."

"వీపు నొస్తుందా?"

"శానా దినాల సంది. మోకాలు నొప్పిల తెల్వలే. మోకాలు సప్పుడు చేయకుండయ్యే వరకు ఇది ఒర్రుడు వెట్టింది."

మంచం మీద ఇన్నాళ్లు పడుకుంటే వీపు పట్టేయదా అనుకున్నాను. పట్టీలు చేతిలోకి తీసుకున్నాను కూడా. అయితే మోకాలికి తప్ప ఇంకెక్కడా అడగకుండా పెట్టవద్దని ఆ అమ్మాయి గట్టిగా చెప్పి ఉంది. ఫోన్ చేశాను. మధ్యాహ్నం తనే వచ్చింది. అక్క వీపు మీద వేళ్లతో నొక్కుతూ, నవ్వుతూనే అడగడం మొదలుపెట్టింది.

"కూసుంటె ఎక్కువనా, పండుకుంటెనా?"

"పండుకుంటెనే బిడ్డా. ఎట్ల పండుకున్నా అంతే. లేచి తిరిగితె జర నయం."

"రాత్రి లేపుతదా నిద్రలకెళ్లి?"

"రోజు లేపుతది. మా చెల్లెను పరేషాన్ చేసుడెందుకని చెప్పలే." నన్ను చూపిస్తూ ఆ అమ్మాయితో అంది.

"అన్నం తింటున్నవా?"

"సయిస్తలేదు."

ఆ అమ్మాయి నవ్వడం ఆపింది. చేతులు వెనక్కు తీసుకుంది. "వీపుకు వద్దు పెద్దమ్మా. ముందుగాల డాక్టర్ సార్ చూడాలె."

"మోకాలుకు మంచిగ చేస్తివి. వీపేం పాపం చేసింది?"

"పాపం ఏం లేదు. ఎందుకు నొస్తుందో తెల్వకుంట నొప్పిని కప్పిపెట్టొద్దు. మోకాలు సంగతి మనకు తెలుసు, కోసినం కాబట్టి నొస్తది. వీపును మనం కొయ్యలే గదా."

గడప దాకా వెళ్లి, నన్ను బయటికి పిలిచి, "మేడం, ఆలస్యం చెయ్యకుండ్రి," అంది.

ఎక్స్‌రే తీశారు. దాన్ని చూసిన డాక్టరు హనుమకొండ వెళ్లి స్కాన్ తీయించమన్నాడు. స్కాన్ చూసిన డాక్టరమ్మ, వెన్నెముక గురించి ఏమీ చెప్పకుండా, అక్కను తెర వెనక్కు తీసుకెళ్లి ఒళ్లంతా పరీక్ష చేసింది. నేనూ అక్కడే ఉన్నాను. ఆమె చెయ్యి ఎడమ రొమ్ము పక్కన, చంక కిందికి వెళ్లి ఆగిపోయింది.

"ఇక్కడ గడ్డ ఉంది. నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"పోయిన పత్తికే ఉండె."

"ఎవరికీ చూపించలేదా?"

అక్క ఆమెను వింతగా చూసింది. ఇంత చదువుకున్న మనిషికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

"నొయ్యలే గదమ్మా. నొచ్చే మోకాలు సంగతే చూసుకోరాకపాయె. నొయ్యనిదాన్ని పట్టుకొని యాడ తిరుగుదు?"

డాక్టరమ్మ ఆమె కొంగును తనే సర్ది, భుజం మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత నాతో విడిగా చెప్పిన మాటలు నాకు వరుసగా గుర్తులేవు. గడ్డ నుంచి ఎముకల్లోకి పాకిందని చెప్పింది. బయట బెంచీ మీద అక్క చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరిదో పసిపిల్ల ఏడుస్తుంటే దాని ముందు తన కొత్త మోకాలును వంచి, చాచి ఆడిస్తోంది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. వీపుకు కిరణాలతో వైద్యం చేస్తామన్నారు. "మల్ల కరెంటేనా?" అని అడిగింది. కొన్నాళ్లు నొప్పి బాగా తగ్గింది. సెలైన్‌లో మందులు ఎక్కిస్తే మాత్రం మనిషి వాడిపోయింది. జుట్టు రాలింది. ఆమె జడ మా ఇంటి ఆడవాళ్లందరిలో పెద్దది. ఒకరోజు బావను పిలిచి, "తొలకరి పడ్డది. ఇగ ఇంటికి పోదాం," అంది. అక్క పిల్లలిద్దరూ ఒప్పుకోలేదు, ఏడ్చారు. అక్క వినలేదు. ఎన్నడు విన్నది గనక.

ఊళ్లో ఆమెను చూసినవాళ్లకు ముందు ఆ జబ్బు మాట మీద నమ్మకం కుదరలేదు. ఎందుకంటే అక్క నడుస్తోంది. ఏళ్ల తరబడి కుంటిన మనిషి తిన్నగా అడుగులు వేస్తోంది. ఆ మోకాలు బంగారం లెక్క పనిచేసింది. పత్తి మొలకల మధ్య గట్టు మీద నడుస్తూ, "సూడుండ్రి, ఎంత మంచిగ కుదిరిందో," అని కూలికి వచ్చినవాళ్లకు చూపించింది. నేను వెనకాల నడుస్తున్నాను. ఆ కాలి కోసం ఎన్ని తిట్లు, ఎన్ని చెమటలు. అది కుదిరేసరికి ఆమె వెళ్లిపోతోంది.

పత్తి పూతకు వచ్చేసరికి నొప్పి మళ్లీ లేచింది. ఈసారి వీపుతో ఆగలేదు. మళ్లీ గోళీలు, మళ్లీ వాంతులు. ప్రతి వారం నేను మహబూబాబాద్ నుంచి వెళ్లినప్పుడు ఒకటే అడిగేది. "గా డబ్బా తెచ్చినవా? వీపుకు పెట్టవే." నేను "వద్దన్నరు అక్కా," అనేదాన్ని. "వద్దన్నరు" అనే మాట నాకు ఒక ఆసరాగా ఉండేది. వద్దంటున్నారంటే, కాపాడుకోవలసింది ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే కదా.

హనుమకొండలో నొప్పి తగ్గించే మందులు రాసే డాక్టరు దగ్గరికి వెళ్లాను. అక్క రాలేని స్థితి. మందులు మార్చి రాశాడు. లేవబోతూ అడిగాను. "సార్, ఆమె ఆ మిషన్ వీపుకు పెట్టమని ఒకటే అడుగుతోంది. గడ్డ పాకిన దగ్గర పెట్టొద్దన్నారు కదా?"

ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తాడు. పెద్దవయసు మనిషి.

"ఇప్పుడు పెట్టనీయమ్మా," అన్నాడు. "తక్కువ మీద పెట్టండి. ఆమెకు హాయిగా ఉంటే చాలు."

నేను నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. మందుల షాపు ముందు వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది, చీటీ అందించాలి. పక్కకు జరిగి వెనకవాళ్లకు దారిచ్చాను. ఏ డాక్టరూ నాతో ఇంత స్పష్టంగా చెప్పలేదు అక్క చనిపోతుందని. ఆ ఒక్క "పెట్టనీయమ్మా" చెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క వీపు తుడిచాను. ఎంత పెద్ద వీపు అది. చిన్నప్పుడు వానలో దాని మీద ఎక్కించుకుని నన్ను వాగు దాటించింది. ఇప్పుడు చర్మం కింద ఎముకలు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి. పట్టీలు అంటించి చక్రం కొంచెమే తిప్పాను. పెంచమని అడగలేదు.

"చీమలు నడుస్తున్నయా అక్కా?"

"నడుస్తున్నయి."

"నొప్పి?"

"అదేడికి పోతది. ఆడనే ఉన్నది." కళ్లు మూసుకుంది. "నువ్వు చెయ్యి తియ్యకు."

తియ్యలేదు. బావ గుమ్మంలో నిలబడి చూసి, పశువుల కొట్టం వైపు వెళ్లిపోయాడు.

పత్తికాయలు అక్కడొకటి ఇక్కడొకటి పగులుతున్న రోజుల్లో, పొద్దున పాలు పితికే వేళకు అక్క పోయింది. మూడోనాడు బూడిద దగ్గర అక్క కొడుకు ఎముకలు ఏరుతుంటే మోకాలి లోహపు ముక్కలు దొరికాయి. నల్లబడ్డాయి గానీ రూపు చెడలేదు. వాటిని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. తీసి పారేయమన్నారు కొందరు. బావ వాటిని తువ్వాలులో తుడిచి, కుండలో ఎముకల పక్కనే పెట్టాడు. "ఇది గూడ ఆమెదే గదా," అన్నాడు. కాళేశ్వరంలో గోదావరిలో అన్నీ కలిపే వదిలాం.

పెద్దకర్మ నాడు ఇంటి నిండా ఆడవాళ్లు. అందరూ అక్క మాటలే, అక్క తిట్లే చెప్పుకుంటూ కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు ఏం తోచిందో, లేచి నిలబడ్డాను. క్లాసులో పిల్లలకు చెప్పినట్టే వచ్చింది గొంతు.

"మీలో ఎవరికన్నా ఒంటి మీద గడ్డ ఉంటే, నొయ్యకపోయినా సరే, నాకు చెప్పుండ్రి. నేను దవాఖానకు తోలుకపోత."

ఒక ముసలవ్వ, "చావింట్ల గవేం మాటలు బిడ్డా," అంది. కూర్చున్నాను.

సాయంత్రం కొట్టం దగ్గర చేతులు కడుక్కుంటుంటే, అక్క చేన్లో కైకిలికి వచ్చే ఒక ఆమె వెనకాలే వచ్చి నిలబడింది. నా వయసే ఉంటుంది. చుట్టూ చూసింది.

"అక్కా, నాకు ఉన్నది," అంది. "నొస్తలేదు."

ఆ వారమే ఆమెను భూపాలపల్లి దవాఖానకు తీసుకెళ్లాను. బస్సులో రేగొండ దాటేదాకా నా చెయ్యి వదల్లేదు. స్కాన్ చేశారు, సూది గుచ్చి చూశారు. ఫలితానికి మళ్లీ ఇద్దరం వెళ్లాం. ఉత్త కొవ్వు గడ్డ, భయం లేదు అన్నారు.

ఆమె దవాఖాన మెట్ల మీదనే కూర్చుని ఏడ్చి, నవ్వి, బిడ్డకు ఫోన్ చేసి మళ్లీ ఏడ్చింది. తిరుగు బస్సులో పల్లీల పొట్లం కొని సగం నా ఒళ్లో పోసింది. కిటికీ అవతల చేలన్నీ తెల్లగా పగిలి ఉన్నాయి. కూలీలు వంగి ఏరుతున్నారు. నాకు సంతోషం రావలసింది. రాలేదు. ఆమె చెప్పే మాటలు వింటూ ఉంటే, భయం లేదన్న ఈ మాట మా అక్కకు ఎందుకు చెప్పలేదు ఎవరూ, ఈమెకే ఎందుకు చెప్పారు అని, ఏ పాపం ఎరగని ఆ మనిషి మీద నాకు కోపం వచ్చింది. కన్నీళ్లు ఆగలేదు.

"ఎందుకేడుస్తున్నవ్ అక్కా? ఏం లేదన్నరు గదా నాకు."

"అవును. ఏం లేదన్నరు."

ఆమె నా ముఖం చూసింది. కాసేపటికి అర్థమైంది. పొట్లం పక్కన పెట్టి, తన కొంగు చివర నా చేతిలో పెట్టింది.